పలనాటి చేతుల చరిత్ర

కార్తికమాసపు అమావాస్యనాడు కారెంపూడిలో నాగులేటి గట్టున వీరుల తిరునాళ్లు మొదలగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అను పేర్లతో ఐదుదినములు జరుగు ఆ యుత్సవమున పన్నెండవ శతాబ్దియందలి దాయాదుల పోరు మరల ఒకమారు మొదటినుండి తుదివరకు జరిగినట్లే తోచును. వీరవిద్యావంతులు కథాగానము చేయుదురు. వీరాచారవంతులు తరతరములుగా తమ యింట దాచుకొన్న కొణతములను, అనగా పూర్వవీరుల యాయుధములుగా కొలువబడు వానిని, నాగులేట స్నానము చేయించి, పసుపు కుంకుమలతో నలంకరించి, భుజములపై నెత్తుకొని వత్తురు.

ఆ కొణతములను తలచినప్పుడెల్ల నాకొక ప్రశ్న తోచుచుండును. కత్తి నిలిచినది, దానిని పట్టిన చేయి యేమైనది? అరువదియారుగురు వీరులకు అచ్చట లింగములున్నవి. బాలచంద్రుని మరణము, కన్నమదాసు శౌర్యము, కులము మరచి చాపకూడు కుడిచిన దండు, వీనినన్నిటిని కథకులు పాడుదురు. కాని యుద్ధము చచ్చినవారితోడనే ముగియునది కాదు. భుజము తెగి బ్రతికినవాడును, మోకాలు పగిలి యిల్లు చేరినవాడును, తలకు దెబ్బ తగిలి మాట పడిపోయినవాడును ఆ నాడు లేకపోరు. వారు పిదప ఇరువదియేండ్లో ముప్పదియేండ్లో ఆ దేహముతోడనే కాపురము చేసియుందురు. ఎడమచేత అన్నము కలుపుకొనుట నేర్చియుందురు. ఒంటిచేత పగ్గము ముడివేయు నుపాయము నెవరి సహాయము లేకయే కనిపెట్టియుందురు. వారికి గుడి లేదు, గాథ లేదు. పలనాటి చరిత్రను చచ్చినవారి వైపునుండి గాక ఇట్లు బ్రతికి మిగిలినవారి చేతుల వైపునుండి ఒక్కమారు చదువవలెనని నా యభిలాష. ఆ చదువు క్రమముగా మనలను నేడు విశ్వవిద్యాలయములందు ‘మాస్టర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ’ యను పేర నేర్పబడుచున్న ఒక స్నాతకోత్తర విద్య వాకిటికి గొనిపోవును.

ఆ విద్య పేరు విన్నవారు మనలో మిక్కిలి తక్కువ. ఆసుపత్రిలో ‘ఓటీ’ యన్నచో శస్త్రచికిత్స జరుగు గది యనియే జనులెరుగుదురు. ‘వృత్తిచికిత్స’ యని తెలుగు చేసినను చిక్కు తీరదు. వృత్తి యనగానే మనకు కుమ్మరము, కమ్మరము, వడ్రంగము స్ఫురించును గాని, ఉదయమున లేచి పండ్లు తోముకొనుట, చీర కుచ్చెళ్లు పోసికొనుట, బిడ్డ నెత్తుకొనుట, బడిలో బలపము పట్టుకొనుట స్ఫురింపవు. ఈ చికిత్స కన్నియు కావలెను. రోగముచేతనో, ప్రమాదముచేతనో, పుట్టుకతోడనో, వార్ధక్యముచేతనో మనుష్యుడు తన దినచర్యలో దేనిని చేయజాలకున్నాడో చూచి, ఆ పనినే సాధనముగా గొని ఆ పనికే మరల నర్హుని చేయుట, అట్లు చేయుటకు దేహము సమ్మతింపనిచో పనిముట్టునో, పద్ధతినో, ఇంటి గడపనో మార్చి పనిని దేహము దగ్గరకు దెచ్చుట దీని సారము. దీనికి మన భాషలో ఇమిడిన మాట, నా యెరుకలో, ‘పనిపాటలు’ అనునది. పని యొక్కటియే కాదు, దానిని వెన్నంటియున్న పాటయు నందు కలదు. కూలికి పోవుటయు గలదు, పండుగకు ముగ్గు పెట్టుటయు గలదు. కాలు చేయి ఆడుచుండగానే పోవలెనని మన పెద్దలు కోరుకొనునప్పుడు వారు మరణమును గూర్చి చెప్పుచున్నట్లు కనబడినను, నిజమునకు తమ పనిపాటలను గూర్చియే చెప్పుచున్నారు.

పలనాడు దేహముచేత మిక్కిలి పని చేయించు నేల. కృష్ణకు దక్షిణమున, నల్లమల యంచున వ్యాపించియున్న యీ ప్రాంతము సున్నపురాతిమీద నిలిచినది. మాచర్ల, దాచేపల్లి పరిసరముల నాపరాళ్లు ఎన్ని యూళ్ల యిండ్లకో గచ్చుగా పరచబడినవి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరువడసినది. దుర్గి శిల్పులు రాతిని దేవతామూర్తులుగా మలచుదురు. మెట్టచేలలో ప్రత్తియు మిరపయు పండును. ఉలి పట్టువాని మణికట్టు, బట్టీకడ నిలుచువాని యూపిరి, నాపరాయి మోయువాని నడుము, మిరపకోతలలో వంగిన స్త్రీల వ్రేళ్లు, ఇవియన్నియు ఆ సంపదకు మూల్యముగా చెల్లింపబడినవే. ఆపై నీటి కష్టమొకటి. బొల్లాపల్లి, వెల్దుర్తి, దుర్గి మొదలగు ఎగువ ప్రాంతములందు భూగర్భజలము ఫ్లోరైడుతో గూడినది. ఈ జలమువలన ఎముకలకు గలుగు వ్యాధిని షార్టు మొదలగు వైద్యులు 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించి లోకమునకు వెల్లడించిరి. కృష్ణ కావలి యొడ్డునున్న నల్లగొండ యా వ్యాధికే పేరుమోసినది. పటికయు సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును పేరజేసి తీయు పద్ధతికి, నాగపూరునందలి జాతీయ పర్యావరణ పరిశోధనసంస్థ దానిని రూపొందించినను, ‘నల్లగొండ పద్ధతి’ యనియే పేరు నిలిచిపోయినది. ఈ వ్యాధి ముదిరినవాని వెన్ను బిగిసికొనిపోవును. మెడ త్రిప్పవలెనన్న మొండెమంతయు త్రిప్పవలసివచ్చును. క్రింద కూర్చుండి భోజనము చేయుట యాతనికి గగనకుసుమము. ఎముకలోనికి జేరిన దానిని మందు వెలికి దీయజాలదు. అట్టివానికి వైద్యుడు చేయగలిగినది కొంచెము. ఆతని మంచము నెత్తుచేసి, చెంబునకు పొడవైన పిడి యమర్చి, స్నానమునకు బల్ల వేసి, ఆతని దినము నాతనికి మరల నిప్పింపగలవాడు వేరొకడు కావలెను. ఆ వేరొకడెవడను ప్రశ్నకు చరిత్ర చాల ఆలస్యముగా ప్రత్యుత్తరమిచ్చినది.

ఆలస్యమన్నాను గాని, పలనాటి మన్నులో ఆ ప్రత్యుత్తరముయొక్క బీజము ప్రాచీనమే. మాచర్లకు సమీపమున, ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి వెలసిన నాగార్జునకొండ లోయలో దొరకిన శాసనములలో నొకదానియందు ‘విగతజ్వరాలయ’ మను మాట యున్నది. క్రీస్తుశకము మూడవ శతాబ్ది నాటి బౌద్ధవిహార సముదాయములో జ్వరము విడిచినవారు విశ్రమించి కోలుకొను గృహముగా దానిని పండితులు గ్రహించిరి. ఆ పదమును నేనెన్నిమారులు చదివినను తనివి తీరదు. జ్వరము గలవానికి గాదు, జ్వరము విడిచినవానికి గృహము! రోగము పోవుట వేరు, మనుష్యుడు మనుష్యుడగుట వేరు అను వివేకము లేనిచో అట్టి పేరు పుట్టునా? మందుతో పని తీరిన పిదప, బలము కూడదీసికొని భిక్షాపాత్ర మరల చేతబట్టి నడచుటకు ముందు, నడుమ గల యా కొన్ని దినములకుగూడ నొక కప్పు, ఒక చాప, ఒక పరిచారకుడు కావలెనని యెవరో తలచిరి. 1926లో సరస్వతి యను శాసనపరిశోధకుడు గుర్తించిన యా లోయను లాంగ్‌హర్‌స్టు, రామచంద్రన్ మొదలగువారు త్రవ్విరి. 1954 మొదలుకొని సుబ్రహ్మణ్యముగారి నాయకత్వమున తుదిత్రవ్వకములు సాగుచుండగనే, 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపనము చేసిరి. విజయపురి నీటమునిగినది, దానినుండి తరలింపబడిన రాళ్లు కొండకొమ్ము ద్వీపముగా మిగిలిన చోట నిలిచినవి.

ఇదే కృష్ణాతీరమున, దిగువగా, మందడము చెంతనున్న మల్కాపురమున 1261లో, రుద్రమదేవి కాలమున, విశ్వేశ్వర శివాచార్యుని గోళకీమఠమునకు సంబంధించి వేయబడిన శిలాస్తంభము ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను పేర్కొనుచున్నది. మఠమునకు దానముగా వచ్చిన గ్రామముల రాబడిలో వానికి భాగము లేర్పరుపబడినవి. ఇవి పుణ్యకార్యములే కావచ్చును. కాని పుణ్యముకూడ లెక్క వ్రాసి, రాబడి నిర్ణయించి, మనుష్యులను నియమించిననే నిలుచునని యెరిగినవారి పుణ్యమది.

నడిమి శతాబ్దులను దాటి 1849వ సంవత్సరమునకు వత్తును. ఆ యేట గురజాలకు ఒక వృద్ధుడు కాపురము వచ్చెను. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ జర్మనీలో 1793లో బుట్టి, అమెరికాలో మతబోధకుడై, 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ. కొన్ని యేండ్లు పనిచేసి స్వదేశమునకు మరలిన యాయన అచ్చట విశ్రమింపలేదు. బాల్టిమోరు నగరమున వైద్యవిద్యార్థులతో కలిసి కూర్చుండి చదివి, 1847లో, ఏబది నాలుగేండ్ల ప్రాయమున, వైద్యపట్టమును పొంది, ఆ పట్టముతో మరల తెలుగుదేశమునకు వచ్చెను. వచ్చి, గుంటూరుతో తృప్తి పడక, జ్వరములకు నెలవైన పలనాటికి వెడలి గురజాలను తన స్థానముగా జేసికొనెను. ఆయన మతప్రచారమును గూర్చి పాఠకుల యభిప్రాయము లెట్లున్నను, నా మనస్సును పట్టినది వేరొకటి. తాను చేయుచున్న పనికి తనయందున్న విద్య చాలదని, నెరసిన తలతో మరల విద్యార్థియైనవాడు గురజాల వీథులలో నడచినాడు. పై చదువు ఉద్యోగమునకు మెట్టు మాత్రమే యని యెంచు కాలమున ఈ యుదాహరణము మన కనతిదూరముననే యున్నది.

పిదప 1883లో గుంటూరు చేరిన డాక్టరు అన్నా కుగ్లరు 1898లో స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రిని తెరచెను. అటుపై 1946లో గుంటూరు వైద్యకళాశాల వెలసినది. ఇట్లు రోగమును కుదుర్చు విద్య పలనాటి పొలిమేరలకు వచ్చినది. కుదిరిన రోగిని పనిలో కుదుర్చు విద్య మాత్రము ఇంకను సముద్రములకావలనే యుండెను.

ఆ విద్య పుట్టుకయు నొక బ్రతికి మిగిలినవాని కథయే. జార్జి బార్టన్ అను అమెరికన్ వాస్తుశిల్పి క్షయరోగము పాలై, పాదము కుళ్లి కొంత కోతబడి, పిమ్మట ఎడమపార్శ్వము చచ్చుబడి, వైద్యులు తన్ను కాపాడిన పిదప తనకేమి మిగిలినదని ప్రశ్నించుకొనెను. తోటపనియు వడ్రంగమును చేయుచు తన చేతిని తానే మేలుకొలుపుకొని, న్యూయార్కు రాష్ట్రమున క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అను నూర ‘కన్సొలేషన్ హౌస్’, అనగా ఓదార్పు గృహము, నెలకొల్పెను. 1917 మార్చి 17వ తేదీన ఆ యింటిలో ఈ విద్యకై గుమిగూడినవారు మనోరోగవైద్యుడైన డంటన్, హస్తకళల ఉపాధ్యాయిని సుసాన్ జాన్సన్, వాస్తుశిల్పి కిడ్నర్, మనోరోగుల దినచర్యను చక్కదిద్దుటలో సిద్ధహస్తురాలైన ఎలియనార్ క్లార్క్ స్లాగల్, కార్యదర్శిని ఇసబెల్ న్యూటన్. బార్టనుతో కలిసి ఆరుగురు. మన విగతజ్వరాలయమునకును ఈ ఓదార్పు గృహమునకును నడుమ పదునారు శతాబ్దులకు మించిన కాలమున్నది, సంబంధ మేమియు లేదు. తలపు మాత్ర మొక్కటియే.

ఆ యేడే అమెరికా ప్రథమ ప్రపంచ సంగ్రామమున దిగినది. అవయవములు పోగొట్టుకొన్న యువకులు వేలుగా మరలివచ్చునప్పుడు వారికి తోడ్పడుటకై స్త్రీలు శిక్షణ పొందిరి, పాఠశాలలు వెలసినవి, వానిలో ఫిలడెల్ఫియా పాఠశాల యొకటి. మరల 1922లో ఎడాల్ఫ్ మేయరను మనోవైద్యుడు ఈ విద్యకు తత్త్వము వ్రాసి, మనుష్యుని యారోగ్యము పని, ఆట, విశ్రాంతి, నిద్ర యనువాని లయలో నున్నదని ప్రతిపాదించెను. మన రైతు ఋతువుల ననుసరించి యెరిగినదానిని ఆయన వైద్యశాలకు దెచ్చెను. ఇంగ్లండులో 1930లో బ్రిస్టలునందు డాక్టరు ఎలిజబెత్ కాసన్ డార్సెట్ హౌస్ అను పాఠశాలను ప్రారంభించెను.

ఫిలడెల్ఫియాలో నేర్చిన ఒక స్త్రీచేత నీ విద్య భారతదేశమునకు వచ్చినది. అమెరికాలో బుట్టి, భారతీయుని వివాహమాడి, కమలా నింబ్కర్ అని పేరు మార్చుకొని యీ దేశమునే స్వదేశముగా జేసికొన్న యా విదుషి బొంబాయి కె.ఇ.యం. ఆసుపత్రియందు 1950లో తొలి పాఠశాలను స్థాపించెను. ఆసియా ఖండమున నిదియే మొదటిదని చెప్పుదురు. అఖిలభారత సంఘము 1952లో నేర్పడినది. అదే యేట లివర్‌పూలులో పది దేశములు కలిసి ప్రపంచ సమాఖ్యను నెలకొల్పినప్పుడు ఆ పదింటిలో భారతదేశ మొకటి. స్వాతంత్ర్యము వచ్చి ఐదేండ్లు కాలేదు, దేశము విభజనగాయమునుండి తేరుకొనలేదు, తిండిగింజలకు వెదకుకొనుచున్నది. అట్టి దినములలో, విరిగిన చేయి గల పౌరునకు కూడ ఈ క్రొత్త రాజ్యమున పని యుండవలెనని కొందరు పట్టుబట్టి కూర్చుండుట చిన్న విషయము కాదు. ప్రపంచ సమాఖ్య 1958లో విద్యకు కనీస ప్రమాణములను నిర్ణయించినది. నేడు ఆ ప్రమాణముల ప్రకారము విద్యార్థి వేయి గంటలకు తక్కువ గాకుండ రోగులయొద్ద పర్యవేక్షణలో పనిచేయవలెను. పుస్తకముచేత మాత్రము వచ్చు విద్య కాదని యా లెక్కయే చెప్పుచున్నది.

తెలుగువారికి నీ చికిత్స సన్నిహితమైనది బొంబాయినుండి గాదు, మన చిత్తూరుకు కూతవేటు దూరముననున్న వేలూరునుండి. క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ 1940ల తుదిలో కుష్ఠరోగముచేత కొంకర్లుపోయిన చేతులను సరిచేయ నారంభించెను. ఆ రోగమున నరము చెడి వ్రేళ్లు వంకరపోవును. ఇంతకంటె ఘోరమేమనగా, స్పర్శ నశించును. బ్రాండు వేరొక కండరముయొక్క స్నాయువును గొనివచ్చి వ్రేళ్లకు ముడివేసెడివాడు. కాని కుట్లు మానినంతనే చేయి పనిచేయదు. నిన్నటివరకు మణికట్టును వంచుచుండిన కండరము నేటినుండి వ్రేళ్లను వంచవలెనని మెదడునకు నేర్పవలెను. ఆ నేర్పుట వారములకొలది యోపికతో జరుగవలసిన పని. ఆపై, కాలినను నొప్పి తెలియని చేతికి వేడిగిన్నె నెట్లు పట్టుకొనవలెనో, సుత్తిపిడి కేమి చుట్టవలెనో, రాత్రి నిదురకు ముందు దీపపు వెలుగున అరచేతిని త్రిప్పి త్రిప్పి యెట్లు పరీక్షించుకొనవలెనో చెప్పవలెను. చికిత్స ముగిసినను ఊరు చేరనీయక పోయినవారికై 1951లో నవజీవన నిలయము వెలసి, వడ్రంగము మొదలగు పనులు నేర్పినది. అదే కళాశాలలో వైద్యురాలైన మేరీ వర్గీసు 1954లో కారు ప్రమాదమున నడుము క్రింది భాగము చచ్చుబడి, చక్రముల కుర్చీలో కూర్చుండియే శస్త్రచికిత్సలు చేసి, న్యూయార్కు వెళ్లి పునరావాసవైద్యమున ఉన్నత శిక్షణ పొంది వచ్చి, ఆ శాఖకు నాయకురాలయ్యెను. 1966లో వేలూరున పునరావాస సంస్థ వెలసినది. బార్టన్, వర్గీసు, గురజాల హేయరు: ముగ్గురును మరల మొదటి అక్షరము దిద్దుకొన్నవారే.

ఇక స్నాతకోత్తర విద్య. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము 1947లో మొట్టమొదట నీ విషయమున మాస్టర్స్ పట్టమునకు చదువు నేర్పరచినది. 2007 నుండి ఆ దేశమున కనీసము మాస్టర్స్ స్థాయి లేనిదే ఈ వృత్తిలో ప్రవేశమునకు చదువు గుర్తింపబడుట లేదు. మన దేశమున డిప్లొమాగా మొదలైన విద్య పట్టమై, నాలుగున్నర యేండ్ల బి.ఓ.టి.యై, దానిపై రెండేండ్ల ఎం.ఓ.టి. యైనది. చేతిచికిత్స, నాడీరోగములు, శిశువుల యెదుగుదల, మనోరోగములు, సమాజమున పునరావాసము అను శాఖలలో నొకదాని నెన్నుకొని, సిద్ధాంతపత్రము వ్రాసి సమర్పింపవలెను. తెలుగునేలమీద ఈ కళాశాలలు మిక్కిలి యరుదు. నరసరావుపేటనుండియో వినుకొండనుండియో ఈ చదువున కాశపడిన బిడ్డ కటకము దగ్గర ఓలట్‌పూరునందలి జాతీయ సంస్థకో, కలకత్తాకో, ముంబయికో, వేలూరుకో రైలెక్కవలెను. ఎక్కి, నాలుగున్నర యేండ్లును రెండేండ్లును ఒడియాలోనో బెంగాలీలోనో మరాఠీలోనో రోగుల పలుకరించి, తెలుగులో నొక్క రోగినైనను పలుకరింపకయే పట్టము పొందవచ్చును. పట్టము చేతికి వచ్చిన పిదప ఊరిలో నుద్యోగము కనబడదు, విదేశము పిలుచును. వారిని తప్పుపట్టుట నాకు న్యాయముగా తోచదు. తొలి పాఠశాల వెలసిన డెబ్బది యేండ్లకు, 2021లో, అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయ కమిషన్ చట్టము వచ్చినప్పుడు గాని యీ వృత్తికి దేశవ్యాప్తమైన శాసనబద్ధ స్థానము లభింపలేదు. ఇంత కాలము రాజ్యమే గుర్తింపని చదువును గ్రామము గుర్తింపలేదని యేల వగవవలెను?

ఈ చదువు పలనాటికి రావలసిన యవసరమును నేను గట్టిగా తలచుటకు కారణము వేరొకటి కలదు. ఏ విద్యయైనను తాను పుట్టిన యింటి యలవాట్లను వెంట తెచ్చుకొనును. రోగి తన పనులను తాను ఎంతవరకు చేసికొనగలడో కొలుచుటకు 1965లో మహోనీ, బార్తెల్ అను నిరువురు విదుషీమణులు రూపొందించిన పట్టిక లోకమంతట వాడుకలో నున్నది. అందు భోజనమను నంశమున, ఆహారమును కోసికొనుటయు రొట్టెకు వెన్న రాసికొనుటయు గణనకు వచ్చును. 1969లో జెబ్సనును ఆయన తోడివారును కూర్చిన చేతిపరీక్షలో చెంచాతో చిక్కుడుగింజల నెత్తవలెను. ఇవి మంచి సాధనములు. వీనిని నిందింప నేనర్హుడను గాను. కాని మన యింట నన్నమును పప్పుతో కలుపుటకు ఐదువ్రేళ్లును అరచేయియు నొకదానితో నొకటి సంభాషించవలెను. వేడి కొలుచుట, గట్టితనము కొలుచుట, ముద్ద కట్టుట, బొటనవ్రేలితో నోటిలోనికి ద్రోయుట, ఇన్ని చిన్న విద్యలందు దాగియున్నవి. నేలపై గొంతుకూర్చుండుట, బిందె నంకనెత్తుకొనుట, గడప దాటుట, తలపై మోపు నిలుపుకొనుట, వీనికి పరదేశపు పట్టికలలో గడి లేదు. జయపురమున 1968లో రామచంద్రశర్మ యను శిల్పియు డాక్టరు సేథీయు కలిసి చేసిన కృత్రిమపాదము దేశమంతట వ్యాపించుటకు కారణమిదియే: అది చెప్పు లేకుండ పొలమున నడువనిచ్చినది, క్రింద కూర్చుండనిచ్చినది. శిల్పియు వైద్యుడును కలిసినచోట ఆ పాదము పుట్టినది. దుర్గిలో శిల్పులకు కొదవ లేదు.

నేడు మన జిల్లాలలో వికలాంగులకు సదరం శిబిరములు జరుగుచున్నవి. అచ్చట వైద్యుడు చూచి నూటికింత యని వైకల్యమును నిర్ణయించును. ఆ సంఖ్యనుబట్టి పింఛను వచ్చును. పింఛను ప్రాణాధారము, దానిని తక్కువచేయరాదు. మండలములందు ప్రత్యేకావసరములు గల పిల్లలకు భవిత కేంద్రము లున్నవి. కాని నూటికి నలువది యనియో ఎనుబది యనియో కాగితముపై వ్రాయబడిన స్త్రీకి, ‘అమ్మా, నీవు ఏ పని చేయలేకున్నావు? ఏ పని చేయవలెనని నీకున్నది?’ యని యడుగు మనుష్యుడింకను మన యూళ్లలో నరుదు. ఆ రెండు ప్రశ్నలను సరిగా నడుగుటకే ఆరున్నరయేండ్ల చదువు. 2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా యేర్పడినది. జిల్లాకు కచ్చేరీలు వచ్చినవి. ఆ ప్రశ్నల నడుగువారి కుర్చీ యొకటి వానిలో నుండవలెనని నేను కోరుకొందును.

ఈ విద్యను చదువువారికి మొదట నేర్పునది పనిని విప్పి చూచుట. వడ్రంగి పెట్టెను విప్పినట్లు పనిని ముక్కలుగా విడదీసి, ఏ ముక్కకు ఏ కీలు, ఏ కండరము, ఎంత చూపు, ఎంత జ్ఞాపకము, ఎంత యోపిక కావలెనో వ్రాయవలెను. మాచర్ల బిడ్డ యెవరైన ఆ చదువునకు పోయి, సిద్ధాంతపత్రమునకు మిరపకోతనే విషయముగా గొన్నచో ఆ పత్రము ఎట్లుండునని నేను పలుమారు లూహించుకొందును. చెట్టు మోకాలి యెత్తు. నడుము వంచి గంటలు నిలువవలెను. ఎడమచేత కొమ్మను విరుగకుండ పట్టవలెను. కుడిచేతి బొటనవ్రేలు, చూపుడువ్రేలు తొడిమపై గలిసి, లాగక, పైకెత్తి త్రుంచవలెను; లాగినచో కొమ్మ చిట్లును. కాయ పండినదో లేదో కన్ను చెప్పవలెను. ఒడి నిండినకొలది బరువు ముందునకు లాగును. కల్లములో నెండిన పిదప తాలుకాయ నేరవలెను. అది కూర్చుండి చేయు పని, వెన్ను బిగిసినవారికిని నడువలేనివారికిని అందు చోటు కలదు. కొంచెము ఎత్తైన పీటయు, వాలని వెలుతురును అమర్చిన చాలును. ఇక చివరి గడి స్పర్శకు. కాయ కోసిన చేయి సాయంకాలమున మండును, కడిగినను మండును, బిడ్డ నెత్తుకొనుటకు ముందు తల్లి ఆ మంటను చూచికొని చేయి మరల కడుగుకొనును. నరము చెడినదానికి, మధుమేహము ముదిరినదానికి, ఆ మంట తెలియదు. పరీక్షకు సూదియు దారమును తీయకముందు ఆమెను అడుగవలసినదదియే: కోత దినమున రాత్రి నీ చేతులు మండుచున్నవా, అమ్మా?